పాత వెర్షన్ పాఠాలు, కొత్త సాఫ్ట్‌వేర్: ఏ దారిలో నేర్చుకుంటే మేలు?

ఫోటోషాప్ నేర్చుకుందామని తెలుగు వీడియో ఒకటి పెడతారు. పాఠం చెప్పే ఆయన స్క్రీన్ లేత బూడిద రంగులో ఉంటుంది, మీ లాప్‌టాప్‌లో అదే సాఫ్ట్‌వేర్ నల్లగా ఉంటుంది. ఆయన సేవ్ యాజ్ నొక్కి జేపీజీ ఎంచుకుంటాడు, మీ జాబితాలో జేపీజీ ఎక్కడా కనపడదు. ఆయన షిఫ్ట్ నొక్కి ఫోటో మూల పట్టుకుని లాగితే బొమ్మ చక్కగా చిన్నదవుతుంది. మీరు అట్లాగే లాగితే పెళ్లికొడుకు ముఖం అడ్డంగా సాగిపోతుంది. పది నిమిషాల పాఠానికి గంట పడుతుంది. ఇది మన వల్ల అయ్యే పని కాదేమో అని టెన్షన్ మొదలవుతుంది.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు డిజైన్ పని నేర్చుకునే పిల్లల్లో నేను తరచూ చూసే ఇబ్బంది ఇది. తెలుగులో మొదటి నుంచి చివరిదాకా ఓపికగా చెప్పిన పాఠాలు చాలావరకు పాత వెర్షన్లవి. కొత్త వెర్షన్ పాఠాలు కావాలంటే ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో వెతుక్కోవాలి. మరి ఏం చేయాలి? పాఠానికి సరిపోయే పాత సాఫ్ట్‌వేర్ వేసుకోవాలా, కొత్తదాంట్లోనే కుస్తీ పట్టాలా, అర్థమైనంత మేరకు ఇంగ్లిష్ పాఠాలే చూడాలా, హనుమకొండ నక్కలగుట్టలో ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపోవాలా, లేక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారాలా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. రేపు మీరు ఎవరి సిస్టమ్ ముందు కూర్చుని పని చేస్తారు, మీ ఫైల్ ఎవరి చేతికి వెళ్తుంది అన్నది తేల్చుకోండి. ఆ తర్వాతే పాఠం సంగతి. ఫ్లెక్సీ షాపులో చేరేవాళ్లకు ఒక దారి, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు ఒక దారి, సివిల్ డ్రాయింగ్ వేసేవాళ్లకు ఇంకొకటి. అందరికీ ఒకే సలహా చెప్పే వీడియోలను నేను నమ్మను.

పాఠం వయసు ఎట్లా తెలుసుకోవాలి

అప్‌లోడ్ తేదీని నమ్మకండి. 2018లో పెట్టిన వీడియోలో కూడా ఫోటోషాప్ 7 కనిపించవచ్చు. ఆ వెర్షన్ వచ్చింది 2002లో. దానికి 128 ఎంబీ ర్యామ్ ఉంటే చాలు, ఇప్పటి ఫోటోషాప్‌కు కనీసం 8 జీబీ కావాలి. పాత సిస్టమ్‌లు నడుపుకునే షాపుల్లో అది అన్నేళ్లు నిలిచిపోయిందంటే ఇదే కారణం. అక్కడ పని చేసినవాళ్లు చెప్పిన పాఠాలు కూడా దాంట్లోనే ఉన్నాయి.

స్క్రీన్ చూసి గుర్తుపట్టడం తేలిక. టూల్‌బాక్స్ పైన కన్ను బొమ్మ ఉంటే అది ఫోటోషాప్ 7 లేదా అంతకన్నా పాతది. ఈక ఉంటే దాని తర్వాత వచ్చిన సీఎస్ లేదా సీఎస్2 వెర్షన్. పీ, ఎస్ అక్షరాలు కనిపిస్తే 2007లో వచ్చిన సీఎస్3 గానీ ఆ తర్వాతది గానీ. స్క్రీన్ మొత్తం ముదురు రంగులో ఉంటే 2012 నాటి సీఎస్6 లేదా ఇంకా కొత్తది. ప్రింటింగ్ షాపుల్లో వాడే కోరల్‌డ్రాలో పై మెనూ వరుసలో అరేంజ్ అన్న పేరు ఉంటే అది పాత పాఠం, కొత్తవాటిలో ఆ చోట ఆబ్జెక్ట్ అని ఉంటుంది. యాప్, వెబ్ డిజైన్‌కు వాడే ఫిగ్మాలో టూల్స్ వరుస స్క్రీన్ పైన ఉంటే 2024 మార్పుకు ముందుది.

పాత సాఫ్ట్‌వేరే వేసుకోవడం

వినడానికి ఇదే సులువనిపిస్తుంది. పాఠంలో ఉన్నది, మీ ముందున్నది అచ్చం ఒకేలా ఉంటే వెతుకులాటే ఉండదు. కానీ ఇది కొన్ని సాఫ్ట్‌వేర్లకే కుదురుతుంది.

3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌కు కుదురుతుంది. పాత వెర్షన్లన్నీ వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఉంటాయి, కొత్తదాన్ని తీసేయకుండా పక్కనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుని నడపొచ్చు. గీతల బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దే జింప్ పాతవి కూడా దొరుకుతాయి. ఇక్కడ డబ్బుల సమస్య లేదు, చట్టం సమస్య లేదు.

ఫోటోషాప్ సంగతి వేరు. దాన్ని తయారుచేసే అడోబ్ 2013 నుంచి నెలవారీ చందా పద్ధతికి మారింది. చందా కట్టినవాళ్లకు కూడా ఇప్పుడున్న పెద్ద వెర్షన్, దాని ముందుది, ఈ రెండే దొరుకుతాయి. సీఎస్6 కావాలన్నా, ఫోటోషాప్ 7 కావాలన్నా వాళ్ల దగ్గర కొనుక్కునే దారి లేదు. 2013 మొదట్లో సీఎస్2 ఆక్టివేషన్ సర్వర్లు ఆపేసినప్పుడు, అప్పటికే కొన్నవాళ్ల కోసం సీరియల్ నంబర్లతో డౌన్‌లోడ్ పెట్టారు. దాన్ని చూసి ఫోటోషాప్ ఫ్రీ అయిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. అది పాత కస్టమర్లకు ఇచ్చిన సౌకర్యం మాత్రమే. ఇవాళ పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చే పాత ఫోటోషాప్ దాదాపు ఎప్పుడూ క్రాక్ కాపీయే, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన కాపీ.

అది వద్దని చెప్పడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, అది దొంగతనం. రెండోది, క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆ సిస్టమ్‌లోనే కస్టమర్ల పెళ్లి ఫోటోలు, ఆధార్ కాపీలు, మీ బ్యాంకు లాగిన్ ఉంటాయి. అదే పెన్‌డ్రైవ్ ప్రింటింగ్ షాపుకు వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకో నలుగురి దగ్గరికి వెళ్తుంది. నేర్చుకునే దశలో ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం పాత వెర్షన్ మీద చేయి తిరగడం లాభమే. మీరు చేరబోయే షాపులో లైసెన్సున్న పాత వెర్షన్ నడుస్తుంటే సాయంత్రం పని తగ్గాక అక్కడే కూర్చుని ప్రాక్టీస్ చేయండి. ఇంట్లో పాఠం చూడండి, షాపులో చేయండి. ఓనర్‌ను అడగడానికి మొహమాటపడకండి, చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. వాళ్లకూ పని తెలిసిన మనిషి కావాలి.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో పాత పాఠం

ఫోటోషాప్ నేర్చుకునే ఎక్కువమందికి నేను చెప్పేది ఈ దారే. ఒకదాని మీద ఒకటి పరిచే లేయర్లు, బొమ్మను చెరపకుండా దాచే మాస్కులు, గీత గీసి కత్తిరించే పెన్ టూల్, వెలుగు నీడలు సరిచేసే కర్వ్స్, లెవెల్స్, బ్లెండింగ్ మోడ్‌లు ఇరవై ఏళ్ల కింద ఎట్లా పని చేశాయో ఇప్పుడూ అట్లాగే పని చేస్తాయి. మారినవి కొన్ని షార్ట్‌కట్లు, కొన్ని మెనూ చోట్లు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయే చోట్లు ఇవి, ఒక కాగితం మీద రాసి సిస్టమ్ పక్కన అంటించుకోండి.

మొదటిది కంట్రోల్ జెడ్. పాత ఫోటోషాప్‌లో అది ఒక్క అడుగే వెనక్కి వెళ్లేది, మళ్లీ నొక్కితే ముందుకు వచ్చేది. ఇంకా వెనక్కి పోవాలంటే కంట్రోల్ ఆల్ట్ జెడ్ నొక్కమని పాఠంలో చెబుతారు. 2018 అక్టోబర్‌లో వచ్చిన సీసీ 2019 (చందా పద్ధతి ఫోటోషాప్ పేరు సీసీ) నుంచి కంట్రోల్ జెడ్ నొక్కినకొద్దీ వెనక్కి పోతూనే ఉంటుంది. ముందుకు రావాలంటే కంట్రోల్ షిఫ్ట్ జెడ్.

అదే వెర్షన్‌లో షిఫ్ట్ సంగతి కూడా తిరగబడింది. ముందు ఫోటో నిష్పత్తి చెడకుండా ఉండాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. ఇప్పుడు ఏమీ నొక్కకపోతేనే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితే సాగిపోతుంది. మొదట చెప్పిన పెళ్లికొడుకు ముఖం కథ ఇదే. పాఠం ప్రకారమే పోవాలనుకుంటే ప్రిఫరెన్సెస్‌లో జనరల్ విభాగంలో యూజ్ లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్ అనే గడి ఉంటుంది, టిక్ పెట్టండి. కంట్రోల్ జెడ్‌కు కూడా కీబోర్డ్ షార్ట్‌కట్స్ కిటికీలో లెగసీ అన్డూ గడి ఉంది. అయితే నా మాట వింటే ఈ రెండూ పెట్టుకోకండి. కొత్త పద్ధతే చేతికి అలవాటు చేసుకోండి, రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా అదే ఉంటుంది. లైసెన్సున్న పాత వెర్షన్ నడిపే షాపుకు వెళ్లేవాళ్లకు మాత్రం ఆ గడులు పనికొస్తాయి.

జేపీజీ కనపడకపోవడం 2021 మే నెలలో వచ్చిన 22.4 వెర్షన్ మార్పు. లేయర్లున్న ఫైల్‌ను జేపీజీగా దాచాలంటే ఇప్పుడు సేవ్ ఎ కాపీ నొక్కాలి. దీని మీద చాలామంది గొడవ చేశాక ఫైల్ హ్యాండ్లింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఎనేబుల్ లెగసీ సేవ్ యాజ్ అనే గడి ఇచ్చారు. వాట్సాప్‌లో పంపే బొమ్మలకు పాత పాఠాల్లో వాడే సేవ్ ఫర్ వెబ్ ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ మెనూ లోపలికి వెళ్లింది. కంట్రోల్ ఆల్ట్ షిఫ్ట్ ఎస్ మాత్రం మారలేదు.

పెళ్లి ఆల్బమ్ పని నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ చిక్కు రిఫైన్ ఎడ్జ్ దగ్గర వస్తుంది. పెళ్లికూతురు జడ పక్కన గాలికి లేచిన సన్న వెంట్రుకలు ఉంటాయి కదా, వాటిని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీయడానికి సీఎస్5, సీఎస్6 పాఠాలన్నిటిలో రిఫైన్ ఎడ్జ్ వాడతారు. ఇప్పుడు సెలెక్ట్ మెనూలో ఆ పేరే ఉండదు. 2016లో దాని చోటులో సెలెక్ట్ అండ్ మాస్క్ వచ్చింది. పాతదే కావాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని సెలెక్ట్ అండ్ మాస్క్ ఎంచుకోండి, పాత కిటికీ తెరుచుకుంటుంది. అయితే ఇక్కడ కొత్తదాన్ని నేర్చుకోవడమే మంచిది. దాంట్లో ఎడమవైపున్న రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో వెంట్రుకల మీద నెమ్మదిగా రుద్దండి, అవుట్‌పుట్‌లో లేయర్ మాస్క్ ఎంచుకోండి. వెనక పట్టుచీర జరీ మెరుపు ఉంటే వెంట్రుకల అంచుకు బంగారు రంగు అంటుకుంటుంది. డీకంటామినేట్ కలర్స్ అనే గడి అందుకే ఉంది.

చిన్నవి ఇంకో మూడు. ఫిల్టర్ మళ్లీ వేయడానికి కంట్రోల్ ఎఫ్ అని పాఠంలో అంటే మీరు కంట్రోల్ ఆల్ట్ ఎఫ్ నొక్కాలి. ఇప్పుడు కంట్రోల్ ఎఫ్ నొక్కితే వెతికే గడి వస్తుంది. నిజానికి అది మీకు మేలే, కనపడని టూల్ పేరు అందులో కొడితే దాని దగ్గరికి తీసుకెళ్తుంది. హృదయం, పూల గుర్తుల్లాంటి కస్టమ్ షేపులు లేవని కంగారుపడకండి. షేప్స్ ప్యానెల్ మెనూలో లెగసీ షేప్స్ అండ్ మోర్ నొక్కితే తిరిగొస్తాయి. ఇక ఫోటోషాప్ లోపలే 3డీ అక్షరాలు చేసి చూపించే పాఠాలను వదిలేయండి. ఆ 3డీ భాగాన్ని అడోబ్ 2021 నుంచి తీసేస్తూ వచ్చింది, ఆ పాఠం ఎంత బాగున్నా మీ దగ్గర ముందుకు కదలదు.

పాత పాఠాల్లో నాకు బాగా నచ్చే గుణం ఒకటి ఉంది. అప్పుడు ఒక్క బటన్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే సౌకర్యం లేదు. కాబట్టి పాఠం చెప్పేవాళ్లు పెన్ టూల్‌ను శ్రద్ధగా నేర్పారు. పాయింట్లు ఎంత తక్కువ పెడితే గీత అంత నునుపుగా వస్తుందని, వంపు మొదలయ్యే చోట, ముగిసే చోట పాయింట్ పెట్టాలని వాళ్లు చేసి చూపించారు. ఇప్పటి కొత్త పాఠాల్లో ఇది అరుదు. కాకతీయ తోరణం గీతల్లో గీయాలన్నా, ఒక పార్టీ గుర్తును శుభ్రంగా మళ్లీ గీసి పెద్ద ఫ్లెక్సీకి సిద్ధం చేయాలన్నా ఈ చేయే కావాలి.

చెడు గుణం కూడా ఉంది. పాత పాఠాలు బొమ్మను నేరుగా చెరిపే అలవాటు నేర్పుతాయి. ఎరేజర్‌తో చెరిపేస్తారు, ఫోటోను చిన్నది చేసి మళ్లీ పెద్దది చేస్తారు, అప్పుడు బొమ్మ మసకబారుతుంది. సైజు ఎంత మార్చినా అసలు బొమ్మను చెడకుండా దాచి ఉంచే స్మార్ట్ ఆబ్జెక్ట్ వచ్చింది 2005లో, సీఎస్2తో. అంతకుముందు పాఠాల్లో దాని మాటే ఉండదు. పాఠం చెప్పే ఆయన ఎరేజర్ తీసిన ప్రతిచోటా మీరు లేయర్ మాస్క్ పెట్టండి, ఆయన సైజు మార్చే ముందు మీరు లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి. ఈ రెండు మార్పులతో 2002 నాటి పాఠం కూడా ఇవాళ్టి పనికి సరిపోతుంది.

ఫ్లెక్సీ షాపు, కోరల్‌డ్రా, వెర్షన్ గొడవ

మన వైపు ప్రింటింగ్‌లో కోరల్‌డ్రా రాజ్యం. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లు, రబ్బర్ స్టాంపులు అన్నీ దాంట్లోనే. ఇక్కడ పాత పాఠం అసలు సమస్యే కాదంటాను. ఎఫ్10 నొక్కితే షేప్ టూల్, ఎఫ్4 నొక్కితే బొమ్మంతా కనిపించడం, కంట్రోల్ జీ గ్రూప్, కంట్రోల్ ఎల్ కంబైన్, కంట్రోల్ కే విడదీయడం, కంట్రోల్ క్యూ అక్షరాలను కర్వ్స్ (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలు) చేయడం, ఇవేవీ మారలేదు. బొమ్మను ఒక ఆకారం లోపల ఇమిడ్చే పవర్‌క్లిప్ పాతవాటిలో ఎఫెక్ట్స్ మెనూలో ఉండేది, ఇప్పుడు ఆబ్జెక్ట్ మెనూలో ఉంటుంది. అరేంజ్‌లో ఉన్నవన్నీ ఆబ్జెక్ట్‌లో వెతకండి. పాఠానికి, మీ స్క్రీన్‌కు పెద్ద తేడా ఇంతే.

గొడవ ఫైల్ దగ్గర వస్తుంది. కోరల్‌డ్రా పాత వెర్షన్ కొత్త వెర్షన్ ఫైల్‌ను తెరవదు. మీరు ఇంట్లో కొత్తదాంట్లో చేసి పెన్‌డ్రైవ్ పట్టుకుని హనుమకొండ చౌరస్తాకు వెళ్తారు. కౌంటర్ వెనకున్న ఆపరేటర్ రెండుసార్లు క్లిక్ చేసి తల ఎత్తుతాడు. "అన్నా, ఇది ఓపెన్ అయితలేదు, ఎక్స్7ల సేవ్ చేసి తీసుకరా" అంటాడు. వెనక ఇంకో ఐదుగురు నిలబడి ఉంటారు. బతుకమ్మ, దసరా అప్పుడో, మేడారం జాతర ముందో, ఎన్నికల టైమ్‌లోనో అయితే మీ ఫైల్ మార్చి పెట్టే తీరిక వాళ్లకు ఉండదు.

అందుకే షాపుకు ముందే ఫోన్ చేసి వాళ్ల వెర్షన్ అడగండి. సేవ్ యాజ్ కిటికీలో వెర్షన్ ఎంచుకునే గడి ఉంటుంది, అక్కడ వాళ్ల వెర్షన్ పెట్టి ఇంకో కాపీ దాచండి. కొత్త వెర్షన్‌లో మాత్రమే ఉన్న ఎఫెక్టులు వాడి ఉంటే పాతదాంట్లో అవి మారిపోవచ్చు కాబట్టి పక్కన ఒక పీడీఎఫ్ కూడా పెట్టుకోండి. అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేసి పంపండి, అప్పుడు షాపులో ఆ ఫాంట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. కర్వ్స్ చేయని అసలు ఫైల్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ముహూర్తం టైమ్ మార్చమని రాత్రి ఫోన్ వస్తే అదే కావాలి.

సైజుల లెక్కకు వెర్షన్‌తో సంబంధమే లేదు, ఏ కాలం పాఠమైనా ఒకటే. విజిటింగ్ కార్డు మూడున్నర అంగుళాలు, రెండు అంగుళాలు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అంచు), సీఎంవైకే (ప్రింటింగ్ సిరాల) రంగులు. 10×8 అడుగుల ఫ్లెక్సీకి 300 పెడితే 36,000×28,800 పిక్సెల్స్ అవుతుంది. ఫోటోషాప్ సొంత ఫైలైన మామూలు పీఎస్డీ ఒక్కో వైపు 30,000 పిక్సెల్స్ దాటనివ్వదు. 72 పెడితే 8,640×6,912, దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. ఈ లెక్కలు చెప్పే పాఠం దొరికితే అది ఎంత పాతదైనా వదలకండి.

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం పాత పాఠం చూడకండి

ఈ విషయంలో నాకు గట్టి పట్టుదల ఉంది. పాత తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) పాఠాలన్నీ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్ల చుట్టూ తిరుగుతాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. అడోబ్ దాన్ని ఆపేసి ఇన్‌డిజైన్‌కు మళ్లింది. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది, ఆ తర్వాతివి తెరవవు. అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టారు. కాగితం మీద ముద్దొచ్చేట్టు ఉంటుంది. అదే మాటను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకదు.

కస్టమర్లు ఇప్పుడు పెళ్లి కార్డు మ్యాటర్‌ను ఫోన్‌లో టైప్ చేసి పంపుతారు, అది యూనికోడ్, అంటే ఎక్కడ పేస్ట్ చేసినా తెలుగుగానే ఉండే పద్ధతి. దాన్ని నేరుగా ఫోటోషాప్‌లో పేస్ట్ చేయగలిగితే మళ్లీ టైప్ చేసే పని, అచ్చుతప్పుల భయం రెండూ తప్పుతాయి. సరైన సెట్టింగ్ లేకపోతే శ్రీరస్తు అన్న మాటలో శ, ర విడిపోయి గుడి పక్కకు జరిగిపోతుంది. లక్ష్మి మూడు ముక్కలవుతుంది. అట్లా వస్తే టైప్ ప్రిఫరెన్సెస్‌లో గానీ పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో గానీ వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కాస్త పాత సీసీ వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్, పెట్టాక ఫోటోషాప్ మూసి తెరవాలి. రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అమ్మకపు పనికీ వాడుకోవచ్చు.

అను కీబోర్డు అసలే వద్దని అనడం లేదు. షాపులో పదేళ్ల పాత ఫైళ్లు అందులోనే ఉంటాయి, వాటిని సరిదిద్దడానికి కావాలి. కానీ కొత్తగా మొదలుపెట్టే మనిషి ముందు యూనికోడ్ టైపింగ్ నేర్చుకోవాలి.

ఆటోక్యాడ్, బ్లెండర్, ఫిగ్మా

ఆటోక్యాడ్ నేర్చుకునే డిప్లొమా, ఇంజినీరింగ్ పిల్లలకు పాత పాఠాలు హాయిగా పనికొస్తాయి. కమాండ్లు టైప్ చేస్తారు కాబట్టి బటన్ ఎక్కడున్నా ఒకటే. ఎల్ కొడితే గీత, ఓ కొడితే ఆఫ్‌సెట్, టీఆర్ కొడితే ట్రిమ్. పాత పాఠాల్లోని క్లాసిక్ వర్క్‌స్పేస్ 2015 నుంచి లేదు. మెనూబార్ అని కొట్టి 1 ఇస్తే పై మెనూలు వస్తాయి. 2021 నుంచి ట్రిమ్ నేరుగా గీతను కోసేస్తుంది, పాఠంలో మాత్రం ముందు అంచు ఎంచుకోమంటారు. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ 0 పెడితే పాత పద్ధతి వస్తుంది. దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ విద్యార్థులకు ఏడాదికోసారి రెన్యువల్ చేసుకునేట్టు ఉచితంగానే ఇస్తుంది, క్రాక్ జోలికి పోనక్కర్లేదు.

బ్లెండర్‌లో గీత ఒక్కచోట గీసుకోండి. 2019 జులైలో వచ్చిన 2.80కి ముందు పాఠాలు వదిలేయండి. అప్పుడు ఎంచుకోవడానికి కుడి క్లిక్ వాడేవాళ్లు, లేయర్ల పద్ధతి వేరు, రెండర్ ఇంజిన్ వేరు. పాత వెర్షన్ ఉచితంగా దొరుకుతుంది కదా అని 2.79లో నేర్చుకుంటే తర్వాత చాలావరకు మళ్లీ మొదటి నుంచి రావాలి. 2.80 తర్వాతి పాఠమైతే అదే వెర్షన్ పక్కన వేసుకుని నేర్చుకోండి, కొత్తదానికి మారడం కష్టం కాదు.

ఫిగ్మా బ్రౌజర్‌లో నడుస్తుంది, పాత వెర్షన్ వేసుకోవడం అన్న మాటే లేదు. రెండేళ్లు దాటిన పాఠాలను చూడకండి.

కొత్త పాఠాలు, ఇన్‌స్టిట్యూట్లు, ఉచిత సాఫ్ట్‌వేర్లు

ఇంగ్లిష్‌లో ఉన్న కొత్త పాఠాలంటే భయపడేవాళ్లకు ఒక మాట. తెలుగు పాఠంలో కూడా టూల్ పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. అవి ఒకసారి చెవికి అలవాటైతే ఐదు నిమిషాల ఇంగ్లిష్ వీడియోను చేతులు చూసి అర్థం చేసుకోవచ్చు. కాబట్టి మొత్తం కోర్సు తెలుగులో పాతది చూడండి, కొత్తగా వచ్చిన ఒక్కో టూల్‌కు మాత్రం చిన్న ఇంగ్లిష్ వీడియో చూడండి. కొత్త పాఠాలతోనే మొదలుపెట్టడం నాకు నచ్చదు. వాటిలో చాలావాటిని జెనరేటివ్ ఫిల్ (మాటల్లో చెబితే ఏఐ బొమ్మను నింపేది) లాంటి బటన్ల చుట్టూ కట్టారు. దానికి నెట్ ఉండాలి, క్రెడిట్లు ఉండాలి, వచ్చిన బొమ్మ 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద పెట్టి చూస్తే వేళ్ల దగ్గర, నగల దగ్గర తేడా తెలుస్తుంది. దాన్ని సరిచేయాలంటే మళ్లీ క్లోన్ స్టాంప్, మాస్క్ రావాల్సిందే.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరే ముందు ఫీజు కన్నా ముందు మూడు సంగతులు అడగండి. సిస్టమ్‌లలో ఏ వెర్షన్ ఉంది, తెలుగు యూనికోడ్‌లో నేర్పుతారా, కోర్సులో ఒక్క పనైనా ప్రింట్ దాకా తీసుకెళ్తారా. మూడో దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో ఒక ప్రింటింగ్ షాపులో రెండు నెలలు కూర్చోవడమే మేలు. ఎదురుగా మనిషి ఉంటేనే చదువు ఎక్కే స్వభావం కొందరిది, వాళ్లకు మాత్రం ఇన్‌స్టిట్యూట్ తప్పకుండా మంచిది.

డబ్బు లేనివాళ్లకు ఫోటోపీ గొప్ప వరం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీఎస్డీ తెరుస్తుంది, మెనూలు ఫోటోషాప్‌ను పోలి ఉంటాయి. పాత ఫోటోషాప్ పాఠం పక్కన పెట్టుకుని చాలావరకు దాంట్లోనే చేయొచ్చు. ఇంక్‌స్కేప్, జింప్‌లకు ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు పాఠాలున్నాయి. చూస్తూ పక్కనే చేసుకునేందుకు వీలుగా నెమ్మదిగా చెబుతారు, భారతీయ భాషల్లో డబ్బింగ్ కూడా చేశారు. ఇంక్‌స్కేప్‌వి 1.0కి ముందు కాలంవి. 2020లో వచ్చిన 1.0 నుంచి కొలతల సున్నా కింది ఎడమ మూల నుంచి పై ఎడమ మూలకు మారింది, ఆ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలా పాఠాలు నడుస్తాయి. జింప్‌లో సేవ్ నొక్కితే దాని సొంత ఫైలే వస్తుంది, జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్. 2012లో వచ్చిన 2.8 నుంచి ఇదే పద్ధతి.

ఎవరికి ఏది

వరంగల్ స్టేషన్ రోడ్డు వైపో, కరీంనగర్‌లోనో ప్రింటింగ్ షాపులో చేరాలనుకునేవాళ్లు: కోరల్‌డ్రా ముందు, ఫోటోషాప్ తర్వాత. పాత తెలుగు పాఠాలు ధైర్యంగా చూడండి, తెలుగు టైపింగ్ మాత్రం కొత్తగా నేర్చుకోండి. షాపు వెర్షన్ తెలుసుకుని ఆ వెర్షన్‌లోకి ఫైల్ దాచడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోండి.

ఫోటో స్టూడియో, ఆల్బమ్ పని వైపు వెళ్లేవాళ్లు కొత్త ఫోటోషాప్ మీద సీఎస్6 కాలం పాఠాలు పెట్టుకుని, పైన చెప్పిన తేడాల కాగితం పక్కన ఉంచుకోండి. పెన్ టూల్, మాస్క్, స్కిన్ రీటచ్ వచ్చాకే కొత్త ఆటోమేటిక్ బటన్లు ముట్టుకోండి.

హైదరాబాద్‌లో యాప్, వెబ్ డిజైన్ ఉద్యోగం కావాలంటే ఫిగ్మా, కొత్త పాఠాలు, ఇంగ్లిష్ అయినా సరే. ఈ వైపు వెళ్లేవాళ్లు పాత ఫోటోషాప్‌లో వెబ్‌సైట్ పేజీ గీయడం నేర్పే వీడియోల మీద టైమ్ పెట్టకండి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ఫిగ్మాలోనే జరుగుతోంది.

ఇంటి దగ్గరే ఉండి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌తో మొదలుపెట్టేవాళ్లు, ముఖ్యంగా పిల్లలు పడుకున్నాక గంటసేపు నేర్చుకునే గృహిణులు, ఫోటోపీ, ఇంక్‌స్కేప్‌తో మొదలుపెట్టండి. ఊళ్లో ఒక పుట్టినరోజు బ్యానర్, ఒక టైలరింగ్ షాపు బోర్డు చేసి పీడీఎఫ్ ఇవ్వడానికి అవి చాలు. షాపువాళ్లకు పీడీఎఫ్ వస్తే మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారని ఎవరూ అడగరు. చందా కట్టాలా వద్దా అన్నది చేతికి రెగ్యులర్‌గా పని రావడం మొదలయ్యాక ఆలోచించండి.